నా రిపోర్టు మీద నేనే రాసిన అర్జీ

నా సర్వీసు మొత్తంలో నేను రాసిన అతి చిన్న మాటకు రెండే అక్షరాలు. నిల్. దాన్ని రాయడానికి అర నిమిషం కూడా పట్టలేదు. చెరపడానికి మాత్రం వారాలు పట్టాయి, ఒక మెమో పట్టింది, చిత్తూరులో పదిమంది ముందు చేతులు కట్టుకుని నిలబడటం పట్టింది. అయినా సరే, నీ ఉద్యోగంలో నువ్వు చేసిన గొప్ప పని ఏమిటయ్యా అని ఎవరడిగినా నేను మొదట చెప్పేది దాని గురించే. చెప్పేటప్పుడు కాస్త ఛాతీ విరుచుకునే చెబుతాను. గొప్పలు వినలేనివాళ్లు ఇక్కడే లేచిపోవచ్చు, నేనేమీ అనుకోను.

సర్వేలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. చేతిలో చిన్న డబ్బా పెట్టుకుని, ఆకాశంలోంచి ఉపగ్రహం చెప్పిందని గీత గీసేస్తారు. బాగుంది, నాకు అసూయగానే ఉంటుంది. మా కాలంలో ఇనుప గొలుసు, దాన్ని లాగడానికి ఒక చైన్‌మన్, తెల్ల జెండాలు, గ్రామ నక్షా, అంతే. కానీ నాయనా, ఆ డబ్బాకైనా నా గొలుసుకైనా ఒకటే జబ్బు. మనం చూపించిన చోటే కొలుస్తుంది. చూడని చోట ఏముందో చెప్పదు.

అది డెబ్బయ్యవ దశకం చివర. తిరుపతి పెరుగుతోంది. ఏ వీధిలో చూసినా పునాదులు, సత్రాలు, మేడలు. ఇన్ని గోడలు లేవాలంటే ఇసక కావాలి కదా. తిరుపతికీ చిత్తూరుకీ మధ్య ఒక ఊరిని ఆనుకుని ఏరు ఉంది. ఆ ఏట్లో ఇసక గుంత తవ్వుకుంటానని ఒక కంట్రాక్టరు దరఖాస్తు పెట్టాడు. నేను ఆ తాలూకాలో సర్వేయరుని. ఇలాంటి దరఖాస్తు వస్తే స్థలం చూసి, నక్షా మీద ఎర్ర పెన్సిలుతో నిషేధపు గీత గీయడం నా పని. తాగునీటి బావి, వంతెన, శ్మశానం, కాలువ, ఇలాంటివి ఎక్కడున్నా వాటి చుట్టూ రూలు చెప్పినంత దూరం విడిచి గీత వేయాలి. గీతకి లోపల పార పడకూడదు. బయటైతే తవ్వుకోవచ్చు. ఆ గీత ఎక్కడ పడుతుందన్నది ఫారంలో ఉన్న ఒక గడిని బట్టి ఉంటుంది. ఆ గడి పేరు 'నీటి ఆధారము'.

మొదటిసారి వెళ్లింది వరద వచ్చిపోయిన కొద్ది రోజులకి. ఏరంతా కొత్త ఇసక సదునుగా, దుప్పటి పరిచినట్టు ఉంది. అవతలి గట్టు కింద సన్నటి పాయ ఒకటి పారుతోంది, అంతే. నేనూ మా చైన్‌మనూ గొలుసు పరిచామో లేదో, ఊరి జనం గట్టు దిగి వచ్చేశారు. వాళ్ల ముందు ఒక ముసలాయన. ఆ ఊరి నీరుగంటి. అంటే ఏ కయ్యకి ఎంతసేపు నీళ్లు వదలాలో చూసే మనిషి. వాళ్ల తాత ముత్తాతల నుంచీ అదే పని. ఆయన వచ్చి, పరిచిన గొలుసు మీద నిమ్మళంగా కూర్చున్నాడు.

"లెయ్యి పెద్దాయనా, గవర్నమెంటు గొలుసది," అన్నాను.

"అది గవర్నమెంటు గొలుసు సామీ. దాని కింద ఉండేది మా కాలవ," అన్నాడాయన.

"యాడుండాది కాలవ? నాకేం కనబడలేదే."

"వరదకి పూడిపోయినాది. ఏటా పూడతాది, ఏటా తవ్వుకుంటాం. ఇసక కింద ఊటుండాది సామీ. ఆ ఊటే మాకు తాగేదానికి, అదే రెండో కారు పైరుకి. ఈడ గుంత తవ్వితే ఊటంతా గుంతలోకి దిగిపోతాది. మేం ఏం తాగాల?"

నేను నక్షా విప్పి చూపించాను. అందులో ఏరు మొత్తం ఒకే మాట: పోరంబోకు. కాలువ గీత లేదు. ఏటేటా జరిగి తిరిగే కాలువని ఏ సర్వేయరు మాత్రం గీస్తాడు? నాకు నక్షా అంటే వేదం. నక్షాలో లేదు కాబట్టి లేదన్నాను.

ఆయన వదల్లేదు. "కాలవ లేకపోతే మా తాతకి నీరుగంటి మాన్యం ఎందుకిచ్చినారు సామీ?" అన్నాడు.

చూడండి, నా తెలివి ఎంత గొప్పదో. కేసు మొత్తం గెలిపించే మాట ఆయన మొదటి రోజే నా చేతిలో పెట్టాడు. నేను వినలేదు. పొద్దున ఎప్పుడో తిన్న రెండు ఇడ్లీలు అరిగిపోయి కడుపు కాలుతోంది. గొలుసు మీద మనిషి కూర్చోవడం నా జీవితంలో అదే మొదటిసారి. నలుగురు ఆడవాళ్లు నవ్వారు కూడా. తిక్క రేగింది. ఎలాగో ఆయన్ని లేపి, పైపైన కొలిచి, నీటి ఆధారము అన్న గడిలో కాగితం చిరిగేట్టు గట్టిగా 'నిల్' అని రాసిపడేశాను. ఏమీ లేదు అని చెప్పడానికి మా ఆఫీసుల్లో అదే మాట. ఎర్ర గీత గీయాల్సిన పని లేకుండా పోయింది.

ఒక మాట చెప్పాలి. లంచం తిన్నానని తరువాత కొందరు అనుకున్నారు. తినలేదు. తింటే కనీసం ఒక కారణమన్నా ఉండేది. నేను రాసింది ఆకలి మీద, అహం మీద. అది ఇంకా సిగ్గు.

దాని తరువాత పద్ధతి ప్రకారం ఊర్లో నోటీసు వేశారు. అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లోపు రాసి పంపాలని. చివర్లో నా రిపోర్టులోని ముక్కలు కూడా చేర్చారు. చావడి గోడకి అంటించి, తలారి చేత తప్పెట కొట్టించి దండోరా వేయించారు. గొలుసు మీద కూర్చున్న ఊరు ఊరికే ఉంటుందా, అర్జీలు కట్టలు కట్టలుగా వస్తాయి అనుకున్నాను. రోజులు గడిచాయి. ఒక్కటీ రాలేదు. పోనీలే, వేడి చల్లారిందనుకున్నాను. పదమూడో రోజున, గుంత హద్దులకి రాళ్లు నాటి రమ్మని పై నుంచి చెబితే చైన్‌మన్‌ని తీసుకుని మళ్లీ బయల్దేరాను.

ఆ రోజు ఏటి గట్టు ఎక్కి చూస్తే ఊరు ఊరంతా ఏట్లోనే ఉంది. ఇంటికొక మనిషి చొప్పున పార పట్టుకుని వరసగా నిలబడి తవ్వుతున్నారు. మగమనిషి లేని ఇంటినుంచి ఆడమనిషి వచ్చింది. మా పక్క దాన్ని కుడిమరామత్తు అంటారు. సర్కారు పిలవదు, ఎవరూ కూలి ఇవ్వరు. ఎవరి కాలువ వాళ్లు బాగుచేసుకోవడం, అంతే. నేను సదునైన ఇసక తప్ప ఏమీ లేదన్న చోట నడుముల్లోతు కాలువ, ఊరివైపు దూరంగా సాగిపోయి ఉంది. దాని తల దగ్గర ఇసకలోంచి నీళ్లు బుడబుడమని పైకి వస్తున్నాయి.

రాళ్లు నాటడానికి వచ్చానని తెలిస్తే తంతారేమోనని భయం వేసింది, దాచడం ఎందుకు. అంతలో నీరుగంటి నన్ను చూశాడు. పార పక్కన పడేసి, రెండు చేతులూ ఎత్తి దండం పెడుతూ ఎదురొచ్చాడు.

"రాండి సామీ, రాండి! మంచి దినం వచ్చినారు. ఆ పొద్దు మిమ్మల్ని నానా మాటలన్న్యాను, మనసులో పెట్టుకోవద్దండి. ఉండే మాట రాసినారంట గదా."

నాకేమీ అర్థం కాలేదు. "ఏం రాసినాను?" అన్నాను.

"అదే సామీ, నీటి ఆధారం నీళ్లు అని! తలారి తప్పెట కొట్టి చెప్పినాడే. ఊరంతా విన్న్యాం."

పక్కనే తలారి నిలబడి ఉన్నాడు, పొడుగాటి మనిషి, పెద్ద గొంతు. "అవును సార్. కరణం చదివి చెప్పినాడు, నేను చాటినాను. నీటి ఆధారమూ, నీళ్లూ అని," అని అక్కడికక్కడే మళ్లీ చాటి చూపించాడు.

కరణం చదివింది నిల్. తలారి చెవిన పడింది నీళ్లు. అతని తప్పేముంది? నీటి ఆధారం ఏమిటంటే నీళ్లు అనే కదా ఎవరైనా అనుకునేది. నిల్ అనే మాట ఒకటుంటుందని ఆ ఏట్లో నాకూ మా చైన్‌మన్‌కీ తప్ప ఎవరికి తెలుసు? సర్వేయరే నీళ్లున్నాయని రాశాక ఇంక అర్జీ ఎందుకని ఊరంతా ధీమాగా కాలువ తవ్వుకుంటోంది. గడువు ఇంకా రెండు రోజులుంది.

వాళ్లకో ఆనవాయితీ ఉంది. కాలువలో మొదటి నీళ్లు పడగానే గంగమ్మకి పసుపూ కుంకుమా వేసి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు ఒక చెంబుతో ముంచి ముందు ఊరి పెద్ద తాగుతాడు. ఆ రోజు నీరుగంటి ఆ చెంబు తెచ్చి నాకిచ్చాడు.

"మీరు రాసిన నీళ్లు సామీ. ఈ ఏడు మీరే ముందు తాగాల."

నా ఉద్యోగంలో ఎన్నో తిట్లు తిన్నాను, ఒకసారి రాళ్ల దెబ్బ కూడా తిన్నాను. ఆ చెంబంత బరువు ఏదీ లేదు. మా చైన్‌మన్ నా వంక చూశాడు. అతనికి తెలుసు, నేను గడి నింపేటప్పుడు పక్కనే ఉన్నాడు.

అప్పుడు నాకు మా నాయన గుర్తొచ్చాడు. ఆయన గుడి వంటశాలలో పనిచేసేవాడు. నైవేద్యాన్ని వండేవాడు రుచి చూడకూడదు. ఉప్పు తప్పితే స్వామికి పెట్టాకే బయటపడుతుంది. "తప్పు పడడం కాదురా, తెలిసినాక ఎవరో ఒకరు కనుక్కునేదాకా నోరు మూసుకోవడమే పాపం. మొదట పోయి చెప్పాల్సింది వండినోడే," అనేవాడు. చిన్నప్పుడు వినీ వినీ విసుగొచ్చిన మాట.

"తాగలేను పెద్దాయనా," అన్నాను. "నేను రాసింది నీళ్లని కాదు. నిల్ అని. నిల్ అంటే లేవు అని."

ఆయన చెంబు పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది.

"లేవనా?" అన్నాడు. ఆయన కాలువ వైపు తిరిగి నీళ్లని చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. "ఇవి నీళ్లు గాదా సామీ?"

కొడితే బాగుండేది. ఎవరో ఒకామె మాత్రం అంటించింది: "కండ్లుండే గుడ్డోళ్లకి ఉద్యోగాలిస్తే ఇంతే." తలారి తలమీద చేతులు పెట్టుకుని ఇసకలో కూలబడ్డాడు. ఊరిని ముంచింది తన గొంతే అనుకున్నాడు పాపం.

అప్పుడు మా చైన్‌మన్ అందుకున్నాడు. అతనిది అరవ సరిహద్దు ఊరు, నోరు కాస్త పొగరు. "నిల్లు అంటే మా అరవంలో ఇంకోటుండాది సార్," అన్నాడు. "ఆగు అని. రాసింది మీరే గదా, మీరే ఆపండి. గొలుసు పరిచేదా?"

పరిచాం. నాటడానికి తెచ్చిన రాళ్లు బండిలోనే ఉండిపోయాయి. కాలువ తల నుంచి గుంత హద్దు దాకా కొలిచాం. ఒక కొస చైన్‌మన్ పట్టుకున్నాడు, రెండో కొస ఎవరు పట్టుకున్నారనుకుంటున్నారు? నీరుగంటే. మొదటి రోజు దానిమీద కూర్చున్న మనిషి, ఆ రోజు గొలుసు సడలకుండా లాగి పట్టుకున్నాడు. లెక్క తేలింది. రూలు అడిగే దూరంలో సగం కూడా లేదు. నక్షా మీద ఎర్ర గీత గీస్తే గుంత మొత్తం గీత లోపలే పడింది.

కానీ నేను గీత గీస్తే చాలదు, నా పాత రిపోర్టు అప్పటికే పైకి వెళ్లిపోయింది. ఊరి నుంచి అర్జీ వెళితేనే విచారణ పెడతారు. రెండు రోజుల్లో అర్జీ రాసిపెట్టే మనిషి ఎవరు? కరణం కంట్రాక్టరుతో మొహమాటమని తప్పుకున్నాడు. చివరికి గట్టు మీద కూర్చుని నేనే రాశాను. తన రిపోర్టు మీద తానే అర్జీ రాసిన సర్వేయరు జిల్లా మొత్తం మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను. "సదరు సర్వేయరు బుద్ధిలేక, స్థలము సరిగా చూడక" అని రాస్తూ పైకి చదువుతుంటే నీరుగంటి నా చెయ్యి పట్టుకున్నాడు.

"అంత మాట రాయొద్దు సామీ. ఆయనకీ పెండ్లాం బిడ్డలుంటారు."

"ఆయన నేనే పెద్దాయనా."

"అందుకే చెప్తా ఉండా. కొట్టేయండి."

'బుద్ధిలేక' కొట్టేశాను. 'పొరబాటున' అని రాశాను. ఊరంతా వేలిముద్రలు వేశారు. మొదటి వేలిముద్ర తలారిది, అతనే పట్టుబట్టి వేశాడు. ఆ అర్జీని నీరుగంటి స్వయంగా బస్సెక్కి చిత్తూరు తీసుకుపోయి ఇచ్చి వచ్చాడు.

విచారణ రోజు చెబుతాను. చిత్తూరు ఆఫీసులో ఒక పక్క కంట్రాక్టరు, ఒక పక్క ఊరివాళ్లు పదిమంది, మధ్యలో నేను అడకత్తెరలో పోకచెక్కలా. కంట్రాక్టరు చెడ్డవాడేం కాదు. "ఊర్లు పెరగతా ఉండాయి సార్, ఇసక లేకుండా ఇల్లు యాడ కడతారు? సర్వేయరే నిల్ అని రాసినాడు, నేను రూలు ప్రకారమే అడిగినాను," అన్నాడు. అందులో అబద్ధం లేదు.

అధికారి కళ్లద్దాల మనిషి, తక్కువ మాట్లాడతాడు. అర్జీ తీసి చూశాడు.

"ఇది ఎవరు రాశారు?"

"నేనే అయ్యా," అన్నాడు నీరుగంటి, నేను నోరు తెరిచేలోపే.

"నీకు రాయడం వచ్చా?"

"రాదయ్యా."

జనం నవ్వారు, అధికారి నవ్వలేదు. అర్జీని, నా రిపోర్టుని పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. నా 'ళ'కి కింద తోక బారెడు ఉంటుంది. చిన్నప్పుడు అయ్యవారు చేతిమీద కొట్టినా పోని తోక.

"సర్వేయరు గారూ, ఈ తోక మీదేనా?"

"నాదేనయ్యా. రెండూ నేనే రాశాను."

కంట్రాక్టరు లేచాడు. "ఇదేం న్యాయం సార్? రిపోర్టూ ఆయనదే, దానిమీద అర్జీ ఆయనదే!"

"అదే నేనూ అడుగుతున్నాను," అన్నాడు అధికారి. "ఏది తప్పు? రిపోర్టా, అర్జీయా?"

ఉద్యోగం పోతే ఇంట్లో ఏం చెప్పాలో కూడా ఆలోచించుకున్నాను. కానీ మాట మాత్రం తడబడకుండా వచ్చింది. ఆ మాట గురించే నాకు ఇప్పటికీ గర్వం. "రిపోర్టు తప్పయ్యా. రిపోర్టు కోపంతో రాసింది. అర్జీ కొలిచి రాసింది."

"నక్షాలో కాలువ లేదు కదా?"

"అయ్యా," అని నీరుగంటి ముందుకొచ్చాడు. మొదటి రోజు నాతో అన్న మాటే, ఒక్క అక్షరం మారకుండా అన్నాడు. "కాలవ లేకపోతే మా తాతకి నీరుగంటి మాన్యం ఎందుకిచ్చినారయ్యా?"

ఈసారి దాన్ని వినడానికి నేను సిద్ధంగా వచ్చాను. విచారణకి ముందు వారమంతా తాలూకా ఆఫీసు రికార్డు గదిలో దుమ్ము మింగి, మాన్యాలు రాసే పాత ఇనాం రిజిస్టరులో ఆ పేజీ పట్టుకున్నాను. ఫలానా ఊరి ఊటకాలువ నీరు పంచుతున్నందుకు ఫలానా వానికి ఇంత భూమి అని ఉంది. నకలు తీసి బల్ల మీద పెట్టాను. కాలువ ఉందని సర్కారే తన చేత్తో రాసుకుంది. గీయడం ఒక్కటే మరిచిపోయింది.

అధికారి అది చదివి, ఎర్ర పెన్సిలు నా వైపు తోశాడు. నక్షా మీద గీత నా చేతే గీయించాడు. ఆ చోట గుంత కుదరదన్నాడు. గీతకి బయట, ఏట్లో బాగా దిగువన కంట్రాక్టరుకి వేరే చోటు చూపించమన్నాడు. ఊరివాళ్లు దండాలు పెట్టి బయటికి పోయాక నన్ను ఆగమన్నాడు.

"నిజం చెప్పినందుకు మెచ్చుకుంటాను. చూడకుండా రాసినందుకు మెమో ఇస్తాను. రెండూ వేరువేరు," అన్నాడు.

ఇచ్చాడు. ఆఫీసులో చాలా ఏళ్లు నా పేరు 'నిల్ సార్'. హెడ్ గుమాస్తా అయితే నేను లోపలికి వస్తే చాలు, "నీళ్లొచ్చినాయి, బిందెలు పెట్టుకోండి" అనేవాడు. అననీయండి. రిటైరైనప్పుడు ఇచ్చిన శాలువా ఎక్కడుందో నాకు తెలియదు. ఆ మెమో మాత్రం నా ట్రంకుపెట్టెలో ఇప్పటికీ ఉంది. మీలో ఎవరైనా వస్తే చూపిస్తాను. దిగువన తవ్విన గుంత ఇసకతోనే మా ఇల్లు కూడా కట్టుకున్నాను, అది కూడా చెప్పాలి కదా.

సరిదిద్దిన నా రిపోర్టుతో కొత్త నోటీసు ఊర్లో వేసిన రోజు నేను పనిమాలా వెళ్లాను. ఆ గడిలో ఈసారి ఏమి రాయాలో నాకు ఎవరూ చెప్పలేదు. 'ఊటకాలువ కలదు' అని రాస్తే సరిపోయేది. నేను 'నీళ్లు' అని రాశాను, తోకతో సహా. తలారి చావడి ముందు తప్పెట కొట్టాడు. నీరుగంటి చెంబుతో నా పక్కన వచ్చి నిలబడ్డాడు. తలారి గొంతెత్తి, "నీటి ఆధారమూ, నీళ్లూ!" అని చాటాడు. నేను చెంబెత్తి గటగటా తాగేశాను. తలారి రెండుసార్లూ ఒకే మాట చాటాడు. మారింది నా కాగితమే.